92.5 వెండిని నేరుగా ఆనోడ్‌గా పోస్తే ఏమవుతుంది: ఒక శుద్ధి కర్మాగారం ఉదంతం

హైదరాబాదు ఉత్తర శివారులోని ఒక పారిశ్రామికవాడలో అద్దె షెడ్డులో నడుస్తున్న చిన్న వెండి శుద్ధి కర్మాగారంలో తలెత్తిన సమస్యను, దాని మూలాన్ని పట్టుకున్న క్రమాన్ని, ఆ తర్వాత చేసిన మార్పులను ఈ నివేదికలో వివరిస్తున్నాను. సికింద్రాబాద్ పాట్ మార్కెట్, పాతబస్తీ చార్‌కమాన్ వ్యాపారుల దగ్గర పోగయ్యే పాత పట్టీలు, కడియాలు, చెంబులు, కంచాలు, పూజాసామగ్రి ఈ కర్మాగారానికి ముడిసరుకు. విద్యుత్తుతో శుద్ధి చేసిన వెండి ఇక్కడ స్ఫటికాల రూపంలో వస్తుంది. అందులో కొంత కడ్డీలుగా పోసి బజారుకు పంపుతారు. ఎక్కువ భాగాన్ని సిల్వర్ నైట్రేట్ తయారుచేసే ఒక సంస్థ స్ఫటికాలుగానే కొంటుంది. ఆ సంస్థతో ఒప్పందం 99.99 శాతం స్వచ్ఛతకు, అందులోనూ రాగి 50 పీపీఎంకు (పది లక్షల్లో 50 వంతులకు) మించకూడదన్న షరతుతో కుదిరింది.

కొనుగోలుదారు ఒక లాటును రాగి 400 పీపీఎం దాటిందని వెనక్కి పంపారు. ఆ తర్వాతి లాటు అంతకన్నా అధ్వానంగా వచ్చింది. అదే సమయంలో తొట్ల వోల్టేజీ 2.2 నుంచి 3 పైకి పాకింది, రోజువారీ స్ఫటికాల బరువు 31 కిలోల చిల్లర నుంచి 29 కిలోల దగ్గరికి పడిపోయింది. ఈ మూడూ కలిపి చూసి యజమాని తేల్చుకున్నది ఒక్కటే, లోపం తొట్లకు కావలసిన ఏకముఖ కరెంటునిచ్చే రెక్టిఫైయర్‌దేనని. "సార్, రెక్టిఫైయర్ ఖరాబైంది. కొత్తది ఎంత కెపాసిటీది తీసుకోవాలో చెప్పండి, చాలు" అన్నారు. నన్ను పిలిచింది ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే.

ఏర్పాటు

ఇక్కడ వాడేది 1884లో బెర్నార్డ్ మోబియస్ పేటెంటు పొందిన పద్ధతికి చెందిన నిలువు తొట్టి. అశుద్ధ వెండిని ఆనోడ్‌లు అనే పలకలుగా పోసి, గుడ్డ సంచుల్లో ఉంచి, ధనధ్రువానికి వేలాడదీస్తారు. రుణధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు ఉంటాయి. మధ్యనున్న ద్రావణం సిల్వర్ నైట్రేట్, కొద్దిపాటి నత్రికామ్లం. కరెంటు పారినప్పుడు ఆనోడ్‌లోని వెండి అయాన్లుగా కరిగి, స్టీలు రేకు మీద సూదుల్లాంటి స్ఫటికాలుగా మళ్లీ పేరుకుంటుంది. ఆ సూదులు పెరిగి ఆనోడ్ సంచిని తాకితే షార్టు అవుతుంది గనుక, గంటకోసారి చెక్క గరిటెతో గీకి తొట్టి అడుగుకు రాలుస్తారు. ఈ కర్మాగారంలో రెండు తొట్లు శ్రేణిలో కలిపి ఉన్నాయి. 200 ఆంపియర్ల కరెంటు రోజుకు 20 గంటలు పారుతుంది. ఒక్కో తొట్టిలో రుణధ్రువ వైశాల్యం అర చదరపు మీటరు, అంటే చదరపు మీటరుకు 400 ఆంపియర్లు. రెండు తొట్లలో, పంపు ట్యాంకులో కలిపి ద్రావణం 300 లీటర్లు. లీటరుకు 80 గ్రాముల వెండి ఉండాలన్నది వారు తొలినాళ్లలో నిర్ణయించుకున్న ప్రమాణం; ఇది మంచి ప్రమాణమే.

వేరుపడటానికి ఆధారం లోహాల విద్యుత్ శక్మాల (ద్రావణంలోంచి లోహంగా దిగే మొగ్గును చూపే వోల్టుల) తేడా. వెండిది +0.80 వోల్టులు, రాగిది +0.34 వోల్టులు. ఆనోడ్ దగ్గర రెండూ కరుగుతాయి, కానీ రుణధ్రువం మీద వెండి ముందుగా దిగుతుంది, రాగి ద్రావణంలో నిలిచిపోతుంది. +1.5 వోల్టుల బంగారం ఈ పరిస్థితుల్లో కరగదు గనుక సంచిలోనే మడ్డిగా మిగులుతుంది. జింకు, కాడ్మియం, నికెల్ వంటివి కరిగి ద్రావణంలోనే ఉండిపోతాయి. పాఠ్యపుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. ఈ ఉదంతం మొత్తం, అలా "నిలిచిపోయిన" రాగి ద్రావణానికి ఏమి చేస్తుందన్న దాని చుట్టూ తిరుగుతుంది.

రెక్టిఫైయర్

ఈ భాగాన్ని త్వరగా ముగించవచ్చు. క్లాంప్ మీటరుతో కొలిస్తే కరెంటు 200 ఆంపియర్ల దగ్గర స్థిరంగా ఉంది, ప్యానెల్ చూపుతున్న అంకెతో సరిపోయింది. తర్వాత మల్టీమీటరు ముల్లుల్లో ఒకదాన్ని కరెంటు తెచ్చే బస్‌బార్ పట్టీ మీద, రెండోదాన్ని ఆనోడ్ కొక్కెం మీద పెట్టి ఒక్కో అతుకు దగ్గర ఎన్ని మిల్లీవోల్టులు పోతున్నాయో రాసుకున్నాం. కొక్కేల మీద నత్రికామ్లపు ఆవిరికి పచ్చని చిలుము పట్టి ఉంది. ఒక కొక్కెం దగ్గరే పావు వోల్టు నష్టమవుతోంది. ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే అది 20 మిల్లీవోల్టులకు దిగింది. అయినా తొట్టి వోల్టేజీలో పెరుగుదల చాలావరకు అలాగే మిగిలింది, అంటే అది ద్రావణంలోనూ ఆనోడ్ సంచిలోనూ ఉందని అర్థం.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వెండి శుద్ధిలో కరెంటు బిల్లు గురించి దిగులు పడటంలో పెద్దగా అర్థం లేదు. ఒక ఆంపియర్-గంటకు 4.025 గ్రాముల వెండి దిగుతుంది; తొట్టి 2.3 వోల్టుల మీద నడిస్తే కిలో వెండికి తొట్టిలో ఖర్చయ్యేది సుమారు 0.6 యూనిట్. అల్యూమినియం తీయడానికి కిలోకు 13, 14 యూనిట్లు కావాలి గనుక ఆ పరిశ్రమ విద్యుత్తు చవకగా దొరికే చోటుకు వలస పోతుంది. వెండి పనివాడికి అసలు ఖర్చు ద్రావణంలో ఇరుక్కుని ఉండే వెండి మీద పడే వడ్డీ. కాబట్టి వోల్టేజీని వ్యాధిగా కాక, రోగ లక్షణంగా చూడాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను.

స్ఫటికాలు చెప్పిన సంగతి

పగటి షిఫ్టు మొదట్లో గీకిన స్ఫటికాలకూ తెల్లవారుజామున గీకినవాటికీ తేడా కంటికే తెలుస్తోంది. మొదటివి ముతకగా, మెరుస్తూ, చేత్తో నలిపితే గలగలమంటున్నాయి. రెండోవి సన్నటి పొడిలా, మసకబారిన బూడిదరంగులో, కొన్నిచోట్ల ఎర్రటి జీరతో ఉన్నాయి; బకెట్టులో ఒండ్రుమట్టిలా నీటిని పట్టుకుని వదలడం లేదు.

స్ఫటికాల్లోకి రాగి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, స్ఫటికాల సందుల్లో రాగి ద్రావణం చిక్కుకుని, సరిగా కడగక అక్కడే ఉండిపోవడం. రెండు, వెండితోపాటు రాగి కూడా లోహంగానే దిగడం. మొదటిది కడుగుడు లోపం. రెండోది ద్రావణం లోపం. వీటిని విడదీయడానికి ఒకే బకెట్టులోని స్ఫటికాలను రెండు వాటాలు చేశాం. ఒక వాటాను వారి అలవాటు ప్రకారం కడిగించాను. రెండో వాటాను వేడి డీఎం నీటితో (లవణాలు తీసేసిన నీటితో) పదేపదే కడిగి, కడిగిన నీటిలో రెండు చుక్కల అమ్మోనియా వేస్తే నీలం రంగు ఏమాత్రం రానంతవరకూ కొనసాగించాం. రెండింటినీ ఐసీపీ పరీక్షకు (అతి తక్కువ మోతాదు మలినాలను కూడా కొలిచే ప్రయోగశాల పరీక్షకు) పంపాం. బాగా కడిగిన వాటాలో రాగి సగానికి పైగా తగ్గింది గాని, ఒప్పందపు పరిమితికి చాలా ఎగువనే ఉండిపోయింది. అంటే రెండు దారులూ తెరుచుకునే ఉన్నాయి.

అమ్మోనియా పరీక్ష చేసేవారికి ఒక హెచ్చరిక. వెండి ఉన్న నీటిలో అమ్మోనియా కలిపి గ్లాసును అలాగే వదిలేయకూడదు. అది ఆరుతున్న కొద్దీ పేలే స్వభావమున్న పదార్థం ఏర్పడే ప్రమాదం ఉంది. పరీక్ష కాగానే ఆమ్లం కలిపి విరిచేయాలి.

స్వచ్ఛత కొలతల గురించి కూడా ఇక్కడే చెప్పడం మేలు. బజారులో టచ్ (నూటికి ఎంత వెండి) చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే ఎక్స్‌రే యంత్రం పాత పట్టీ 70 టచ్‌దా 80 టచ్‌దా అని చెప్పడానికి చక్కగా పనికొస్తుంది గాని, 99.9కీ 99.99కీ మధ్యనున్న తేడాను నమ్మకంగా పట్టలేదు. పైపైన మాత్రమే చూస్తుంది కూడా. ఆ స్థాయిలో స్వచ్ఛతను తేల్చాలంటే మలినాలను ఒక్కొక్కటిగా ఐసీపీతో కొలిచి, వాటి మొత్తాన్ని నూటిలోంచి తీసేయాలి. యజమాని తన దగ్గరున్న యంత్రం "99.9 పైనే చూపిస్తోంది" అని చెబుతూ వచ్చింది ఈ కారణంగానే. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాని చూపు అంతవరకే.

ద్రావణపు జమాఖర్చు

ద్రావణంలో ఎంత వెండి ఉందని అడిగితే సూపర్‌వైజర్ "ఎనభై" అన్నారు. ఎలా కొలుస్తారని అడిగితే ద్రవంలో తేలి దాని సాంద్రతను చూపే హైడ్రోమీటరు చూపించారు. దాని అంకె నెలల తరబడి దాదాపు ఒకేచోట ఉంది. సాంద్రత చూసి వెండిని అంచనా వేయడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, వెండి తగ్గినచోట రాగి చేరుతూ ఉంటే ద్రావణం బరువు పెద్దగా మారదు. మేము నమూనా తీసి, ఫెర్రిక్ ఆలం సూచికతో థయోసయనేట్ టైట్రేషన్ (తెలిసిన బలమున్న ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలవడం) చేసి చూస్తే వెండి లీటరుకు 22 గ్రాములే ఉంది. ఉప్పు వేసి వెండిని పూర్తిగా దించి, వడగట్టి, మిగిలిన ద్రావణంలో రాగిని కొలిస్తే లీటరుకు 60 గ్రాములు తేలింది. లీటరుకు 58 గ్రాముల వెండి పోయి, ముందునుంచీ ఉన్న రాగికి తోడు 25 గ్రాముల రాగి చేరినా హైడ్రోమీటరు తేలిన ఎత్తులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మరి ఆ వెండి ఎక్కడికి పోయింది? దొంగతనం జరిగిందేమోనన్న అనుమానం అప్పటికే షెడ్డులో గుసగుసగా మొదలైంది. వెండి పోలేదు, స్ఫటికాల్లోకే వెళ్లింది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఫారడే సూత్రం తప్ప మరేమీ అవసరం లేదు. ఆనోడ్ దగ్గర ఒక రాగి పరమాణువు కరిగితే రెండు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. రుణధ్రువం దగ్గర ఒక్కో వెండి అయాను ఒక్కో ఎలక్ట్రాన్‌ను తీసుకుంటుంది. కాబట్టి ఆనోడ్ నుంచి ఒక రాగి అయాను ద్రావణంలోకి వచ్చిన ప్రతిసారీ, ద్రావణంలోంచి రెండు వెండి అయాన్లు బయటికి వెళ్లిపోతాయి. బరువుల్లో చెప్పుకుంటే, కిలో రాగి కరిగితే ద్రావణం 3.4 కిలోల వెండిని కోల్పోతుంది.

ఈ లెక్కను కర్మాగారానికి అన్వయిద్దాం. రెండు తొట్లు, 200 ఆంపియర్లు, 20 గంటలు. మొత్తం 8,000 ఆంపియర్-గంటలు. పూర్తి సామర్థ్యంతో 32.2 కిలోల వెండి దిగాలి. ఆనోడ్‌లో 98 శాతం వెండి, 2 శాతం రాగి ఉంటే ఆ కరెంటుకు 30.7 కిలోల ఆనోడ్ కరుగుతుంది. అందులో రాగి సుమారు 0.6 కిలో, వెండి 30.1 కిలోలు. దిగిన 32.2కూ కరిగిన 30.1కీ మధ్యనున్న 2.1 కిలోలు ద్రావణం భరించింది. కర్మాగారం తొలినుంచీ రోజూ రెండు కిలోల చిల్లర వెండిని విడిగా నత్రికామ్లంలో కరిగించి ద్రావణంలో కలుపుతూ వచ్చింది. ఎందుకు కలుపుతున్నారో ఎవరికీ స్పష్టంగా తెలియకపోయినా, ఆ అలవాటే ఇన్నాళ్లూ ద్రావణాన్ని నిలబెట్టింది. ఇప్పుడు ఆనోడ్‌ను 92.5 శాతానికి మార్చి చూడండి. కరిగే ఆనోడ్ 27.3 కిలోలు, అందులో రాగి 2 కిలోల పైమాట, వెండి 25.3 కిలోలు. లోటు దాదాపు 7 కిలోలు! అలవాటు ప్రకారం కలిపే రెండు కిలోలు పోను, ద్రావణం రోజుకు దాదాపు 5 కిలోల వెండిని కోల్పోతుంది. మొత్తం ద్రావణంలో ఉన్నదే 24 కిలోలు.

సరిగ్గా ఇదే జరిగింది. పాత పద్ధతిలో, తక్కువ టచ్ సరుకునంతా బజారులో తేజాబ్ అని పిలిచే నత్రికామ్లంలో కరిగించి, రాగి రేకులు వేసి వెండిని దించి, ఆ వెండిని కడిగి కరిగించి 98 శాతం పైనున్న ఆనోడ్‌లు పోసేవారు. ఈమధ్య 92.5 నగలు చేసే తయారీదారుల దగ్గర్నుంచి తుక్కు పెద్దమొత్తంలో రావడం మొదలైంది. కిలో 92.5 సరుకును ఆమ్లంలో కరిగించడానికి సిద్ధాంతం ప్రకారమే 68 శాతం నత్రికామ్లం 1.35 కిలోలు పడుతుంది, ఆచరణలో ఇంకా ఎక్కువ. ఎర్రటి పొగ వస్తుంది, చుట్టుపక్కల షెడ్లవాళ్లు గొడవ చేస్తారు. 92.5 అంటే ఎలాగూ మంచి వెండే గదా, నేరుగా ఆనోడ్‌గా పోస్తే ఆమ్లపు మెట్టు మొత్తం తప్పుతుందని యజమాని ఆలోచించారు. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. నగల వ్యాపారి కంటికి 98కీ 92.5కీ తేడా అయిదున్నర శాతమే. తొట్టి కంటికి మాత్రం రాగి 2 నుంచి 7.5కు పెరగడం, అంటే దాదాపు నాలుగింతలు.

రిజిస్టరులో ఈ మార్పు మొదటి వారంలోనే కనబడుతోంది. కొత్త ఆనోడ్‌లు వేసిన రోజు నుంచి, ఆనోడ్‌లో పెట్టిన వెండి కంటే స్ఫటికాల్లో వచ్చిన వెండి చాలా ఎక్కువగా ఉంది. రాబడి నూటికి నూరు దాటి నమోదైంది. నష్టం వస్తే వందసార్లు తూకం వేసే చోట, లాభం వస్తే ఎవరూ ప్రశ్నించలేదు. మరో సూచన కూడా ఉంది. మొదటి లాటు తిరిగివచ్చాక, ద్రావణం పాతబడిందనుకుని కొంత తీసేసి కొత్త సిల్వర్ నైట్రేట్ పోశారు. నాలుగైదు రోజులు అంతా సవ్యంగా నడిచి, మళ్లీ అదే తంతు. కొత్త ద్రావణం అంత వేగంగా చెడిపోతోందంటే చెడుపు ద్రావణంలో కాదు, దానిలోకి వచ్చేదానిలో ఉందని అర్థం.

తక్కువ వెండి, ఎక్కువ కరెంటు

వెండికీ రాగికీ శక్మాల మధ్య 0.46 వోల్టుల ఎడం ఉన్నప్పుడు, లీటరుకు 22 గ్రాముల వెండి ఇంకా మిగిలే ఉన్నప్పుడు, రాగి ఎందుకు దిగాలి అని సూపర్‌వైజర్ అడిగారు. చాలా సరైన ప్రశ్న. శక్మాల లెక్క తొట్టి మొత్తంలో ఉన్న వెండితో కాదు, రేకును ఆనుకుని ఉన్న పలుచని పొరలోని వెండితో ముడిపడి ఉంటుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదోవంతు అనుకుంటే, లీటరుకు 80 గ్రాముల వెండి ఉన్నప్పుడు వ్యాపనం ద్వారా చేరే అయాన్లు చదరపు మీటరుకు సుమారు 1,000 ఆంపియర్లకు సరిపోతాయి. 22 గ్రాములు ఉన్నప్పుడు 300 ఆంపియర్లకు మించి సరిపోవు. కర్మాగారం 400 తోలుతోంది. రెక్టిఫైయర్ మాత్రం తనకు చెప్పిన కరెంటును తోసే తీరుతుంది గనుక, మిగిలిన వంద ఆంపియర్లు మరో దారి వెతుక్కుంటాయి. కొంత రాగిని దించుతాయి, కొంత నైట్రేట్‌ను క్షయీకరించి ఆమ్లాన్ని తినేస్తాయి. స్ఫటికాలు పెరిగే కొద్దీ వైశాల్యం మారుతుంది కాబట్టి ఇది రమారమి లెక్కే. అయినా కళ్లముందున్నదానికి చక్కగా సరిపోతోంది. పగటి షిఫ్టు మొదట్లో వచ్చే స్ఫటికాలకూ తెల్లవారుజామున వచ్చే వాటికీ తేడా, ఎర్రటి జీర, సన్నటి పొడి, తొట్టి మూలల్లో ఆమ్లం తగ్గినచోట తేలిన లేత పచ్చటి మడ్డి, అన్నీ దీనికే చెందుతాయి. బరువు తగ్గడం కూడా అంతే. ఒక ఆంపియర్-గంట వెండిని దించితే 4.025 గ్రాములు, అదే రాగిని దించితే 1.186 గ్రాములే.

ఆనోడ్ సంచులను విప్పి చూస్తే వోల్టేజీ సంగతి కూడా తేలింది. పట్టీలకు, గొలుసులకు వేసే టంకంలో తగరం ఉంటుంది. నత్రికామ్లంలో తగరం కరిగిపోకుండా తెల్లటి జిగట ఆక్సైడుగా మారుతుంది. అది గుడ్డ రంధ్రాల్లో ఇరుక్కుని సంచిని జిగురు పూసినట్టు చేసింది. పాత పద్ధతిలో ఈ తగరం ఆమ్లంలో కరిగించే మెట్టులోనే వడగట్టులో పోయేది. ఆ మడ్డిలో సన్నటి నల్లని పొరల తునకలు కూడా కనిపించాయి. 92.5 నగల మీద వేసే రోడియం పూత నత్రికామ్లానికి లొంగదు, అది సంచిలోనే మిగులుతుంది. దాన్ని పారేయకుండా విడిగా దాచమని చెప్పాను.

కడిగే నీరు

మరో నష్టం పక్కనే కనిపించింది. చివరి కడుగుడుకు బోరు నీరు వాడుతున్నారు. గీకిన స్ఫటికాల మీద ఆ నీరు పడగానే పాలు విరిగినట్టు తెల్లబడింది. నీటిలోని క్లోరైడు వెండితో కలిసి సిల్వర్ క్లోరైడు అయింది. ఆ బోరు నీటిలో క్లోరైడు లీటరుకు 150 మిల్లీగ్రాములు. స్ఫటికాలకు అంటుకున్న ద్రావణంలో తగినంత వెండి ఉంటే, అలాంటి నీరు లీటరుకు దాదాపు 0.46 గ్రాము వెండిని క్లోరైడుగా బంధిస్తుంది, వంద లీటర్లకు 46 గ్రాములు. అందులో కొంత నీటితోపాటు కాలువలోకి పోతుంది, కొంత స్ఫటికాల సందుల్లో ఉండిపోతుంది. సిల్వర్ క్లోరైడు 455 డిగ్రీల దగ్గరే కరిగి, వెండి కరిగే 962 డిగ్రీలకు చేరేసరికి కొంత పొగై లేస్తుంది. కడ్డీలు పోసేటప్పుడు మూస మీద తెల్లటి పొగ వస్తోందని కొలిమి దగ్గర పనిచేసే పెద్దాయన ఎప్పటినుంచో చెబుతున్నారట. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

మార్పులు

ముందు ద్రావణాన్ని కోలుకునేలా చేయాలి. సగం, అంటే 150 లీటర్లు తోడి, రాగి రేకులు వేసి అందులోని 3.3 కిలోల వెండిని దించాం. తోడిన చోట రాగి లేని ద్రావణం నింపితే రాగి గాఢత లీటరుకు 30 గ్రాములకు తగ్గుతుంది. మిగిలిన సగంలో మరో 3.3 కిలోలు ఉంది కాబట్టి, లీటరుకు 80 గ్రాములకు చేరాలంటే దాదాపు 20.7 కిలోల శుద్ధ వెండిని కరిగించి పోయాలి. "ఇరవై కిలోల మేలిమి వెండిని తేజాబ్‌లో కలపమంటున్నారా సార్?" అన్నారు యజమాని. అది కొత్తగా పెట్టే పెట్టుబడి కాదనీ, గడిచిన రోజుల్లో స్ఫటికాల్లో అదనంగా వచ్చి అమ్ముడైపోయిన వెండే అనీ, తన రిజిస్టరులోనే ఆ అంకెలు కూడి చూపిస్తే గాని ఆయన ఒప్పుకోలేదు. ఒకేసారి అంత పోయలేమన్నారు గనుక, విడతలవారీగా పోస్తూ, వెండి 60 గ్రాములు దాటేవరకు కరెంటును 120 ఆంపియర్లకు తగ్గించి నడిపాం.

ఆనోడ్ విషయంలో మూడు దారులు పరిశీలించాం. అన్నింటినీ మళ్లీ ఆమ్లంలో కరిగించి 98 శాతం ఆనోడ్‌లు పోయడం తొట్టికి అన్నిటికన్నా హాయి, కానీ పొగ, ఆమ్లం ఖర్చు, రాగి నీళ్లు భారీగా పెరుగుతాయి. 92.5నే కొనసాగించి, రాగిని లీటరుకు 40 గ్రాముల దగ్గర నిలపాలంటే రోజుకు 50 లీటర్లకు పైగా ద్రావణం తోడెయ్యాలి. తోడిన దాంతో పోయే వెండి, రాగి బదులు చెల్లించే వెండి కలిపి రోజుకు 11 కిలోలను నైట్రేట్‌గా తిరిగి పోయాలి, అంటే రోజువారీ ఉత్పత్తిలో మూడోవంతు ద్రావణం చుట్టూనే తిరుగుతుంది. మధ్యేమార్గంగా 92.5 సరుకులో రాగి రేకులతో దించిన వెండిని కలిపి 96 శాతం ఆనోడ్‌లు పోయాలని నిర్ణయించాం. అప్పుడు రోజుకు కరిగే రాగి 1.2 కిలోలు, తోడవలసిన ద్రావణం 30 లీటర్లు, తిరిగి పోయవలసిన వెండి 6.3 కిలోలు. తోడిన ద్రావణంలోంచి రాగి రేకులతో దించిన వెండే మళ్లీ ఆనోడ్ మిశ్రమంలోకి వెళుతుంది కాబట్టి చక్రం మూసుకుంటుంది. ఇది ఆదర్శ పరిష్కారం కాదు, ఆ షెడ్డుకు, ఆ పెట్టుబడికి తగిన పరిష్కారం. వారికి మంచి పొగ శుద్ధి టవరు ఉంటే మొదటి దారినే సిఫారసు చేసేవాణ్ణి.

హైడ్రోమీటరును పక్కనపెట్టి, షిఫ్టుకోసారి వెండి టైట్రేషన్, రోజుకోసారి రాగి కొలత మొదలుపెట్టించాం. బ్యూరెట్ పట్టుకోవడం సూపర్‌వైజర్ రెండు పూటల్లో నేర్చుకున్నారు. రిజిస్టరులో కొత్తగా ఒక గడి చేర్చాం: ఆంపియర్-గంటలను 4.025తో గుణిస్తే రావలసిన బరువు, వచ్చిన బరువు, ఆనోడ్ నుంచి పోయిన వెండి, మూడూ పక్కపక్కన. వచ్చిన బరువు రావలసినదాని కంటే తగ్గితే రాగి గురించో షార్టు గురించో ఆలోచించాలి. ఆనోడ్ నుంచి పోయినదాని కంటే ఎంత మించితే అంత ద్రావణానికి బాకీ ఉన్నట్టు, అదే రోజు తిరిగి పోయాలి. తొట్టి అడుగున మిగిలే స్ఫటికాలవల్ల ఏ ఒక్క రోజు లెక్కా కచ్చితంగా కుదరదు గనుక, వారాంతంలో తొట్టి పూర్తిగా ఖాళీ చేసి సరిచూడాలి.

కడుగుడుకు చిన్న డీఎం యూనిట్ పెట్టించాం. నీటి చుక్కలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి తెల్లబడకపోతేనే స్ఫటికాల మీద పోయాలి. మొదటి కడుగు నీటిలో వెండి ఎక్కువగా ఉంటుంది గనుక అది తొట్టిలో ఆవిరైన నీటికి బదులుగా తిరిగి వెళుతుంది. సంచులను వారానికోసారి మార్చడం, కొక్కేలను రోజూ రుద్దడం పనుల పట్టికలో చేరాయి.

ద్రావణం కోలుకుని, 96 శాతం ఆనోడ్‌లు స్థిరపడ్డాక స్ఫటికాల్లో రాగి 20 నుంచి 40 పీపీఎం మధ్య నిలిచింది. తొట్టి వోల్టేజీ 2.3 దగ్గరికి వచ్చింది, రోజువారీ బరువు మళ్లీ 31 కిలోలు దాటింది. కొనుగోలుదారు తర్వాతి లాట్లను తీసుకున్నారు.

ఇంకా మిగిలినవి

వెండి దించేశాక మిగిలే రాగి నైట్రేట్ నీళ్లు ఇప్పుడు రోజూ 30 లీటర్లు వస్తున్నాయి. ముందుగా ఆమ్లాన్ని తగ్గించి, ఇనుప తుక్కు వేసి రాగిని దించి, మిగిలినదానికి సున్నం కలిపి మడ్డిని వేరుచేస్తున్నారు. ఆ మడ్డి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది. దుండిగల్ దగ్గరి వ్యర్థాల కేంద్రానికి కాగితాలతో సహా చేరవలసిందే గాని కాలువలోకి కాదు. ఆమ్లాన్ని తగ్గించకుండా ఇనుము వేస్తే మళ్లీ ఎర్రపొగ లేస్తుంది. ఈ క్రమాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను.

టంకంలోని జింకు, కాడ్మియం ద్రావణంలో నెమ్మదిగా పోగవుతాయి. రోజూ తోడే 30 లీటర్లతో అవి కూడా బయటికి పోతాయి కాబట్టి స్వచ్ఛతకు ముప్పు లేదు. ముప్పు కొలిమి దగ్గర ఉంది. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, వెండి కరిగేలోపే దాని పొగ లేస్తుంది, ఆ పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది. కొలిమి మీద పొగగూడు, ఫ్యాను పెట్టించే వరకు పాత పట్టీలు కరిగించడం ఆపమని రాతపూర్వకంగా ఇచ్చాను. ఫ్యాను బిగించారు, గూడు ఇంకా సరైన ఎత్తులో లేదు.

ఈలోగా ఎలక్ట్రానిక్ బోర్డుల నుంచి తీసిన వెండి కొంటారా అని ఒక వ్యాపారి యజమానిని అడుగుతున్నారు. ఆ సరుకులో పల్లేడియం ఉండే అవకాశం ఉంది. దాని శక్మం +0.95 వోల్టులు, వెండికి మరీ దగ్గర. ఆనోడ్‌లో కరిగిన పల్లేడియంలో కొంత స్ఫటికాల్లోకి వచ్చేస్తుంది, ఎంత కడిగినా పోదు. ప్రతి లాటుకూ ముందుగా ఐసీపీ నివేదిక చూడనిదే ఆ వెండిని ఈ తొట్లలో దించవద్దని చెప్పాను. నమూనా తెప్పించారు, నివేదిక రావలసి ఉంది.